పిన్ను ఊళ్లో పడింది, మనవాళ్లున్నది పల్లెలో

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన వేసవిలో మా నాన్నమ్మ చెప్పగా రాసుకున్న వంశవృక్షాన్ని పటం మీదికి ఎక్కించే పని మొదలుపెట్టాను. ముత్తాత పుట్టిన ఊరి పేరు కొట్టగానే కంప్యూటర్ ఒక పిన్ను గుచ్చింది. జూమ్ చేసి చూస్తే అది రామాలయం పక్కన ఉంది. నాన్నమ్మకు చూపించాను. "బతికినన్నాళ్లూ ఆ బజారులో చెప్పులేసుకుని నడవనియ్యలేదమ్మాయ్, నీ పెట్టె గుడి పక్కనే ఇల్లిచ్చిందే!" అని నవ్వింది. ఆ నవ్వు తర్వాత నేను పని ఆపేసి, మళ్లీ మొదటినుంచి ఆలోచించాల్సి వచ్చింది. ఈరోజు మాట్లాడేది దాని గురించే.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చెబుతాను. వంశవృక్ష సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా గెడ్‌కామ్ అనే ఫైలు పద్ధతి వాడతాయి. 1984లో అమెరికాలోని మోర్మన్ చర్చి తయారుచేసిన పద్ధతి అది. ఒక్కో మనిషికి పుట్టుక, పెళ్లి, చావు ఉంటాయి. ఒక్కోదానికి ఒక తేదీ, ఒక చోటు. ఆ చోటు చాలాసార్లు వట్టి అక్షరాలుగానే ఉంటుంది. దాన్ని అక్షాంశ రేఖాంశాలుగా మార్చడాన్ని జియోకోడింగ్ అంటారు. తర్వాత ఆ చుక్కల మధ్య గీతలు గీసి, కింద కాలం జరిపే మీట పెడితే, తరాలు ఒక చోటినుంచి ఇంకో చోటికి కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్, లీఫ్‌లెట్‌తో మనలో ఎవరైనా చేసుకోవచ్చు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఊరి పేరు ఇస్తే యంత్రం సాధారణంగా ఆ ఊరి నడిబొడ్డున ఒక చుక్క ఇస్తుంది. మన దేశంలో ఊరి నడిబొడ్డు అందరిదీ కాదు. కోస్తాలో ఊరు వేరు, పల్లె వేరు. తెలంగాణలో వాడ అంటాం. అంటరానితనం నేల మీద గీసిన గీతను ఆ ఒక్క చుక్క చెరిపేస్తుంది. అందుకే నేను యంత్రం ఇచ్చిన చుక్కలు తీసేసి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పల్లెకు నడిచి, ఫోన్‌లో ఆ చోటు నమోదు చేసుకున్నాను. ఏ కొత్తపాలెమో తేలని చోట చుక్క పెట్టకుండా పెద్ద వలయం గీశాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించకూడదు కదా.

రెండో చిక్కు సరిహద్దులతో వస్తుంది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలోకి వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే, గుడిసెలోంచి కదలని మనిషి కూడా మూడు జిల్లాలు తిరిగినట్టు కనిపిస్తాడు. కాబట్టి కాగితంలోని పేరు ఒక గడిలో, అసలు చోటు ఇంకో గడిలో పెట్టుకోవాలి.

మూడోది కారణం. అసలైన చిక్కు ఇదే. బాబాసాహెబ్ జీవితాన్నే పటం మీద పెట్టి చూడండి. కుటుంబానిది రత్నగిరి జిల్లా అంబడవే. పుట్టింది 1891లో మౌలో, తండ్రి సైన్యంలో సుబేదారు కాబట్టి. 1913లో న్యూయార్క్, తర్వాత లండన్, 1917లో బరోడా, అక్కడినుంచి బొంబాయి. బరోడా దగ్గర పటం ఏం చెబుతుంది? ఉద్యోగానికి వెళ్లాడు, కొద్ది రోజులకు వెనక్కి వచ్చాడు అని. కులం తెలిస్తే గది దొరకదని పార్సీ పేరుతో సత్రంలో ఉండాల్సి వచ్చిందనీ, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారనీ ఆ గీత చెప్పదు. అది ఆయన స్వయంగా రాసిపెట్టారు కాబట్టి మనకు తెలుసు. మన తాతముత్తాతలకు అలా రాసిపెట్టినవాళ్లు ఎందరున్నారు?

గీత పొడవు కూడా మోసం చేస్తుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరి, అక్కడే నిలబడి పోరాడారు. మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు. దేశపటం మీద ఆ గీత కంటికే ఆనదు. 1991లో చుండూరునుంచి తెనాలికి వెళ్లినవాళ్ల గీతా అంతే. అదే అమెరికా వెళ్లిన ఒక ఇంజినీరు గీత తెరంతా పాకుతుంది. అందుకే నా పట్టికలో కారణానికి ఒక గడి తప్పనిసరి: పెళ్లి, కరువు, పని, దాడి, భూమి పోవడం, చదువు. రంగు ఆ కారణాన్నిబట్టి ఉంటుంది. పక్కనే "ఎవరు చెప్పారు" అని మరో గడి.

ఆధారాలు లేవు కదా అంటారు. ఉన్నాయి, వెతకాల్సిన చోట్లు వేరు. 1860 నవంబర్ 16న మద్రాసునుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా సుమారు 1,52,000 మందిని ఒప్పంద కూలీలుగా నటాల్‌కు తీసుకుపోయారు. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. కూలీల లెక్క కోసం రాసినవి ఈరోజు మన చేతికి ఆధారాలయ్యాయి. ఇక 1876–78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా ముత్తాతకు తాత ఆ కాలవ పనికి పోయాడని నాన్నమ్మ చెబుతుంది. కాగితం దొరకలేదు. నా పటంలో అది చుక్కల గీతగానే ఉంది, కింద నాన్నమ్మ పేరు ఉంది. డక్కలివాళ్లు పటం విప్పి జాంబపురాణం, మాదిగల వంశాలు చెప్పేవాళ్లు. మనకు పటం కొత్త కాదు, జ్ఞాపకమూ కొత్త కాదు.

ఇంకో ఇద్దరిని మరిచిపోవద్దు. ఒకరు ఆడవాళ్లు. మన చెట్లన్నీ ఇంటిపేరు పట్టుకుని మగవాళ్ల వెంట పోతాయి. కానీ మా ఇంట్లో ప్రతి తరంలోనూ ఊరు మారినవాళ్లు కోడళ్లే. నాన్నమ్మ పుట్టింటివైపు అడిగాక నా పటంలో గీతలు రెట్టింపయ్యాయి. రెండోవారు కదలనివాళ్లు. అప్పు కింద ఒకే దొడ్డిలో పాలేరుగా బతుకు వెళ్లదీసినవాడికి గీత ఉండదు. కదలికల పటంలో ఆయన ఖాళీ. ఆయన ఉన్న చోట ఏళ్లు పెరిగేకొద్దీ పెద్దదయ్యే వలయం పెట్టాను.

చివరగా ఒక హెచ్చరిక. ఈ పటం ఇంటిపేరునూ పల్లెనూ కలిపి చూపిస్తుంది. అంటే కులాన్ని చూపిస్తుంది. అద్దె ఇంటి కోసం, హాస్టల్ గదిలో, ఆఫీసులో కులం చెప్పకుండా నెట్టుకొస్తున్న బంధువులు మనకున్నారు. గర్వంగా చెప్పుకోవడం నా ఇష్టం, వాళ్ల తరఫున చెప్పే హక్కు నాకు లేదు. బతికున్నవాళ్లెవరినీ వాళ్లు ఒప్పుకోకుండా బయటి పటంలో పెట్టకండి. ఇంటివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి, రెండు ప్రతులు ఉంచుకోండి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూడండి. ముందు ఫోన్‌లో రికార్డర్ నొక్కి, ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చోండి. ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేకపోవచ్చు. దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడగండి, చెబుతుంది. ఎక్కడికి వెళ్లారు అన్నదానితో ఆగకండి. ఎందుకు వెళ్లాల్సి వచ్చింది అని అడగండి. ఊళ్లో పడిన పిన్నును పల్లెకు జరపగలిగేది ఆమె ఒక్కతే.

జై భీమ్.