పంపు అద్దెకిచ్చే ముందు షరతు చెప్పండి



ఈనాటి ప్రసంగం పురుగును గురించి కాదు, తెగులును గురించీ కాదు. పదిమంది రైతులు సంఘంగా చేరి, యంత్రాలు కొని, తోటివారికి అద్దెకివ్వడం ఇప్పుడు మన పల్లెల్లో బాగా కనిపిస్తున్నది. యంత్రం కొనడం ఒక ఎత్తు, అద్దెకిచ్చి దాన్ని పదిలంగా తిరిగి తీసుకోవడం మరొక ఎత్తు. "అద్దె కట్టాను గదా, ఇక నా ఇష్టం" అనేవారితో ఎలా మెలగాలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

2022 వానాకాలంలో నేను చూసిన సంగతి ఇది. ఒక సంఘంవారి బ్యాటరీ పంపును ఊళ్లో ఒక పెద్దరైతు తీసుకుపోయాడు. పురుగుమందుకే వాడాలని, కడిగి తెచ్చివ్వాలని షరతు. ఆయన దానితో వరిలో 2,4-డి కలుపుమందు కొట్టి, కడగకుండా తెచ్చి అరుగుమీద పెట్టి వెళ్లాడు. మర్నాడు అదే పంపును ఒక కౌలురైతు తీసుకున్నది. భర్త లేని మనిషి, రెండెకరాల పత్తి. పచ్చదోమకు మందు కొట్టుకున్నది. వారం తిరిగేసరికి లేత ఆకులు బెండాకుల్లా చీలి, సన్నబడి, ముడుచుకున్నాయి. తెగులనుకుని నన్ను పిలిచింది. అది తెగులు కాదు, 2,4-డి దెబ్బ. పత్తికి ఆ మందు పొడ కూడా గిట్టదు. పంపు అడుగున, గొట్టంలో మిగిలిన కొద్దిపాటి మందే చాలు. చేను చావలేదు గాని పూత, కాత వెనుకబడిపోయాయి.

సంఘంవారు "మాకేం తెలుసు?" అన్నారు. ఇక్కడ చట్టం ఏమంటుందో వినండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 150వ సెక్షను ఉన్నది. వస్తువును అద్దెకిచ్చినప్పుడు, అందులోని లోపం ఇచ్చినవారికి తెలిసినా తెలియకపోయినా, దానివల్ల కలిగిన నష్టానికి వారే బాధ్యులు. కాబట్టి "తెలియదు" అంటే చెల్లదు. అదే చట్టం 154వ సెక్షను ప్రకారం, షరతుకు విరుద్ధంగా వాడి వస్తువును పాడుచేసినవాడు ఆ నష్టం ఇచ్చుకోవాలి.

మరి పెద్దరైతును అడగలేదా? అడిగారు. "నాకా షరతు ఎవరు చెప్పారు? పుస్తకంలో నా సంతకమేదీ?" అన్నాడాయన. ఎవరూ మాట్లాడలేకపోయారు. షరతులు సంఘం గోడమీద ఉన్నాయి గాని, ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. కడిగాడో లేదో మూత తీసి చూసినవారూ లేరు. చివరకు ఆ తల్లికి ఇవ్వవలసింది సంఘం తన డబ్బులోనుంచే ఇచ్చుకున్నది. తప్పులో నాకూ పాలున్నది. షరతులు రాయించింది నేనే, అమలు చేస్తున్నారా అని చూడనిదీ నేనే.

అందుచేత ఈ సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: షరతులు ఐదారుకు మించవద్దు. డబ్బు తీసుకోకముందే చదివి వినిపించి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకోండి.

రెండు: ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు అతని ఎదుటే మూత, నాజిల్, గొట్టం చూడండి. లోపముంటే అప్పుడే రాయండి. రేపు చెబితే తగాదా అవుతుంది.

మూడు: కొంత ధరావతు ఉంచుకోండి. పంపు శుభ్రంగా వస్తే అక్కడికక్కడే తిరిగివ్వండి. ఒక్కరోజు తిప్పుకున్నా సంఘం మాట పోతుంది.

నాలుగు: సర్పంచికైనా, కూలిమనిషికైనా, మీ సొంత బావమరిదికైనా ఒకే షరతు. ఒకరికి సడలిస్తే రేపు పదిమంది అడుగుతారు.

ఐదు: షరతు తప్పినవాడితో నడివీధిలో కేకలు వద్దు. ముందు మనవైపు తప్పుందేమో చూసుకుని, పుస్తకం తెచ్చి, నలుగురి ఎదుట నెమ్మదిగా చదవండి. బాకీ తీరేదాకా మరో యంత్రం ఇవ్వకండి.

అన్నిటికన్నా మేలైన పద్ధతి, కలుపుమందుకు వేరే పంపు పెట్టడం. దానికి ఎర్రరంగు పూయండి. తప్పనిసరై ఒకే పంపు వాడితే, రెండు మూడుసార్లు నీటితో కడిగి, లీటరు నీటికి పది గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపి నింపి, గొట్టంలోనుంచి కొంత వదిలి, రాత్రంతా ఉంచి, మళ్లీ మంచినీటితో కడగాలి. ఆ కడుగునీళ్లు చెరువులోకి, కాలువలోకి పోరాదు.

మరుసటి ఏడు అదే పెద్దరైతు మళ్లీ పంపుకోసం వచ్చాడు. సంఘంవారు కాదనలేదు, పాత మాటలు తవ్వలేదు. షరతులు చదివి, ధరావతు అడిగారు. "నన్నే అడుగుతారా?" అని గొణిగాడు. "అందరినీ అడుగుతున్నాం" అన్నారు. సంతకం పెట్టాడు. సాయంత్రం పంపు కడిగి తెచ్చి, తానే మూత తీసి చూపించాడు.

గట్టిగా అరిచినందుకు కాదు, ముందుగా చెప్పి, తరువాత తప్పక చూసినందుకే షరతు నిలుస్తుంది. ఈ వానాకాలం మొదలుకాకముందే మీ సంఘం పుస్తకం ఒకసారి తెరిచి చూసుకోండి.