గాలి బరువుతో గిటారు బిగింపు

గిటారు మ్రోగుచున్నప్పుడు మనము వినునది తంత్రుల ధ్వని మాత్రమే కాదు. తంత్రి ఒంటరిగా కదల్చగలిగిన గాలి బహు స్వల్పము. దాని కదలికను బ్రిడ్జి యను చిన్న కొయ్యముక్క అందుకొని పైపలకకు అప్పగించును. పలక కదలినప్పుడే గది నిండ నాదము పుట్టును. స్పెయిన్ దేశపు అల్మేరియా ప్రాంతమున జన్మించిన ఆంటోనియో దె టొరెస్ అను నిర్మాత, 1862లో వీపును, ప్రక్కలను కాగితపు అట్టతో చేసి, పైపలకను మాత్రము మేలైన కొయ్యతో అమర్చి ఒక గిటారును తయారుచేసి ఈ సంగతిని లోకమునకు చూపెను.

ఇంత ముఖ్యమైన ఈ పలక మందము సాధారణముగా మూడు మిల్లీమీటర్లకు మించదు. ఉక్కు తంత్రుల గిటారులో ఆరు తంత్రుల లాగుడు మొత్తము సుమారు 70 కిలోలు. మన వీణలో తంత్రులు గుర్రము మీదుగా సాగి, ఆవల నాగపాశమునకు కట్టబడును. గుర్రమును అవి క్రిందికి నొక్కును గాని ఊడబెరుకవు. గిటారులో అట్లు కాదు. తంత్రులు బ్రిడ్జికే తగులుకొని, దానిని పలకనుండి పెల్లగింప రేయింబవళ్లు ప్రయత్నించుచునే యుండును. దానిని పట్టి నిలుపునది ప్రధానముగా జిగురు. పలక వంగకుండ అడుగున అతికించు సన్నని ఊతబద్దలను నిలుపునదియు జిగురే. జిగురు ఆరునంతవరకు ఆ ముక్కలను ఎట్లు బిగించి యుంచవలెనన్నదే నేటి మన ప్రసంగ విషయము.

పాత పద్ధతులు రెండు. మొదటిది మరబిగింపులు. బ్రిడ్జి నతికించునప్పుడు పొడవైన మెడగల బిగింపులను నాదరంధ్రములోనుండి లోనికి దూర్చి, కంటికి కనబడని చోట ఊతబద్దలకు తగులకుండ ఆనించి, మరను త్రిప్పవలెను. ఒక్కొక్క మర ఒక్కొక్క చోటనే నొక్కును. రెండవది, పలకకును పైనున్న చట్రమునకును నడుమ సన్నని బద్దలను వంచి నిలుపుట. వంగిన బద్ద చాచుకొనబోయి క్రింది ముక్కను నొక్కును. ఇది చౌక, నమ్మదగినది. నేటికిని గొప్ప పనివారెందరో దీనినే వాడుచున్నారు. కాని ఒక్క పలకకు పదులకొలది బద్దలను, జిగురు బిగియకముందే నిలుపవలసి వచ్చును.

మూడవది శూన్యపు బిగింపు. పేరు శూన్యమైనను పనిచేయునది శూన్యము కాదు, మన చుట్టునున్న గాలి. సముద్రమట్టమున గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు ఒక కిలో బరువుతో నొక్కుచున్నది. అన్ని వైపులను సమముగా నొక్కుటచేత మనకు తెలియదు. ఒక వైపు గాలిని తీసివేసితిమా, రెండవ వైపు బరువు బయటపడును. 17వ శతాబ్దపు నడుమ జర్మనీలో, మాగ్డెబర్గ్ పురాధ్యక్షుడు ఆటో ఫాన్ గెరిక రెండు రాగి అర్ధగోళములను చేర్చి, లోని గాలిని తోడివేయించి, ఇరువైపుల గుర్రములను కట్టి లాగించినను అవి విడివడలేదు. ఆ బలమునే పనివాడు తన బల్లమీదికి తెచ్చుకొనుచున్నాడు.

బ్రిడ్జి కొరకైన సాధనము ఇట్లుండును. ఒక చిన్న గట్టి చట్రము. అడుగు అంచున మెత్తని రబ్బరు. పైన సాగెడి రబ్బరు పొర. గాలి తీయుటకు ఒక గొట్టము. జిగురు రాచిన బ్రిడ్జిని గుర్తించిన చోట నుంచి, దానిపై చట్రమును బోర్లించి, గాలిని తీసినచో పొర దిగి బ్రిడ్జిని అన్ని వైపుల హత్తుకొనును. పై గాలి క్రిందికి నొక్కును. గిటారు పొట్టలోని గాలి పలకను పైకి నొక్కును. లోపల ఆను పెట్టనక్కరలేదు. బ్రిడ్జి వైశాల్యము సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. నూటికి 80 పాళ్లు గాలి తీసినచో దానిపై 40 కిలోల బరువు సమముగా పడును. ఊతబద్దల నతికించునప్పుడు పలకను కొద్దిగా పల్లముగా చెక్కిన పీటపై నుంచి, బద్దలను అమర్చి, అన్నిటిపై ఒకే పొరను కప్పుదురు.

ఇక ఎన్నిక విషయము. పంపును కొనబోవువారు రెండు సంగతులను వేరు చేసికొనవలెను: ఎంత గాలిని తోడును, ఎంత లోతు శూన్యమును కల్పించును. ఇల్లు తుడుచు వాక్యూమ్ క్లీనరు గాలిని విరివిగా లాగును, కాని వాతావరణపు ఒత్తిడిలో అయిదవ వంతు మాత్రమే తగ్గింపగలదు. అది ఈ పనికి చాలదు. పాత రిఫ్రిజిరేటరు కంప్రెసరు లోతుగా లాగును గాని కొంచెము కొంచెముగా లాగును. నూనె ఆవిరిని వెడలగ్రక్కును. సంధులు బిగువుగానుండు చిన్న బ్రిడ్జి చట్రమునకు అది చాలును. పెద్ద పలకకు ఎక్కువ గాలిని తోడు పంపు కావలెను. సంపీడిత వాయువుతో శూన్యమును కల్పించు వెంచురి చౌకయే. కాని పెద్ద కంప్రెసరు ముందే ఉన్నవారికే అది లాభము.

పంపునకును చట్రమునకును నడుమ ఒక ట్యాంకు, గాలి వెనుకకు రానీయని వాల్వు, ఒక గేజి అవసరము. జిగురు ఆరుచుండగా విద్యుత్తు ఆగిన యెడల పంపు నిలుచును గాని, ట్యాంకును వాల్వును బిగింపును కొంతసేపు కాపాడును. ట్యాంకు గట్టిదై యుండవలెను. కిరసనాయిలు డబ్బాలో నీరు మరిగించి, మూత బిగించి, చల్లార్చినచో అది నలిగిపోవుట మన పిల్లలు బడిలో నేర్చిన పాఠమే. పలుచని రేకు డబ్బా ఇక్కడను అట్లే నలుగును.

పంపును తనంతట ఆపు స్విచ్చి అమర్చుకొనువారు తమ ఊరి ఎత్తును మరువరాదు. గిటారు పనివారికి పేరెన్నికగన్న మెక్సికో దేశపు పరాచో పట్టణము సుమారు 2,200 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.8 కిలో మాత్రమే నొక్కును. గేజి సుమారు 23 అంగుళముల పాదరసమును మించి చూపజాలదు. సముద్రతీరమునకు తగినట్లు స్విచ్చిని 25 అంగుళములకు అమర్చినచో, అక్కడ పంపు ఎన్నటికి ఆగక వేడెక్కి చెడును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి మిగిలియున్నది. జిగురు తయారుచేయువారు మెత్తని కొయ్యకు చదరపు సెంటీమీటరుకు 7 నుండి 10 కిలోల బిగింపును కోరుదురు. గాలి ఈయగలది ఒక్క కిలోకు లోపే. కావున మరబిగింపువలె ఇది వంకరముక్కను బలవంతముగా సరిచేయజాలదు. బ్రిడ్జి అడుగు పలక వంపునకు సరిగా కుదురనిచో, అంచున జిగురు మందమై నిలుచును. అట్టి అతుకు మొదట బాగుగానే కనబడి, కొన్నాళ్లకు తంత్రుల లాగుడుకు లేచిపోవును. చక్కగా కుదిరిన ముక్కలకు మాత్రము ఆ కొద్దిపాటి సమమైన ఒత్తిడి చాలును.

కావున జిగురు లేకుండ ఒకసారి సాధనమును పరీక్షింపవలెనని మా సలహా. గాలి తీసి, వాల్వు మూసి, పంపు నాపి గేజి ముల్లును చూడుడు. ముల్లు త్వరగా దిగినచో తప్పు అంచున గాని, గొట్టపు అతుకున గాని, పలక కొయ్య రంధ్రములలో గాని యున్నది. పెద్ద పంపు కొనుటకంటె ఆ కారుటను ఆపుటయే మేలు. ముల్లు నిలిచినచో, పొర క్రింద బ్రిడ్జి అంచులు నాలుగు ప్రక్కల పలకను ముట్టుచున్నవో లేదో వెలుతురులో పరికింపుడు. ముట్టనిచో మరల చిత్రికపట్టుడు. గాలి కష్టపడి నొక్కును గాని, కొయ్యను కుదుర్చుట పనివాని చేతికే మిగిలిన పని.