పదిహేడు రంగుల పోస్టరు, ఊరి బోరు నీళ్ళు



డ్రాయింగు మాస్టారి పేరిట ఆయన శిష్యులు ఏర్పాటు చేసిన ఉపన్యాసమిది. ప్రపంచ లక్ష్యాల గురించి పిల్లలకు ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. ప్రపంచం దగ్గర మొదలుపెట్టి తొందరగానే ఊళ్ళోకి వచ్చేస్తాను.

2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాయి. వాటి కింద 169 ఉపలక్ష్యాలు. గడువు 2030. పేదరికం, ఆకలి, చదువు, ఆడామగా సమానత, నీళ్ళు, వాతావరణం అన్నీ అందులో ఉన్నాయి. చదువుకునే ప్రతి ఒక్కరికీ ఈ సంగతులు తెలియాలని 4.7 అనే ఉపలక్ష్యం చెబుతుంది. ఆ ఏడాదే 'వరల్డ్స్ లార్జెస్ట్ లెసన్' పేరుతో యూనిసెఫ్ తోడ్పాటుతో ఒక ప్రయత్నం మొదలైంది. విద్యావేత్త కెన్ రాబిన్సన్ రాసిన కార్టూన్ చిత్రాన్ని మలాలా పరిచయంతో దేశదేశాల బడుల్లో చూపించారు. మంచి పనే. పదిహేడు రంగుల గళ్ళ పోస్టరు కూడా మన బడుల గోడలకెక్కింది.

ఎక్కాక ఏమవుతుందో ఇక్కడున్న టీచర్లకు చెప్పనక్కర్లేదు. చిత్రలేఖనం పోటీ పెడతారు. చాలామటుకు ఒకటే బొమ్మ: రెండు అరచేతుల మధ్య భూగోళం, దాని నెత్తిన మొలక, కింద నినాదం. తమ బోరు నీళ్ళు నోట పెట్టుకోలేని ఊరి పిల్ల కూడా నవ్వుతున్న నీటిచుక్కనే గీస్తుంది. దానికే మొదటి బహుమతి. కంటితో చూడని వస్తువును మాస్టారు గీయనిచ్చేవారు కాదని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన లెక్కలో ఇదంతా చూచిరాత.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల చేత బొమ్మ గీయించినా, పాట కట్టించినా, నాటకం ఆడించినా దానికి ముందు ఒక కొలత ఉండాలి, చివర జవాబు చెప్పాల్సిన మనిషి ఉండాలి. రెండూ లేకపోతే అది స్కూలు వార్షికోత్సవంలో ఇంకో ఐటం.

ఆరో లక్ష్యం తీసుకుందాం, అందరికీ మంచినీళ్ళు. మనకిది కొత్త ముచ్చట కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో తాగునీటి ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు 1937లోనే రాశారు. నల్లగొండ సంగతి మీకు తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టారు. కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాక అక్కడ చాలా మారింది. కానీ పళ్ళ మీద గోధుమరంగు చారలున్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

ఇప్పుడు ఒక ఏడో తరగతిని ఊహించండి. పిల్లలు ఊరంతా తిరిగి వరండా మీద సుద్దతో ఊరి పటం వేస్తారు. బోర్లు, బావులు, కుళాయిలు, ట్యాంకు, ఎవరింటికి ఎవరు ఎంత దూరం నుంచి నీళ్ళు మోస్తున్నారు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఒక్కో చోటి నుంచి కడిగిన సీసాలో నీళ్ళు పట్టి చీటీ అంటిస్తారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. అలా నేర్చుకున్న అక్కను బడికి పిలవండి. ఆమె సీసాలో పరీక్ష మందు చుక్కలు వేస్తుంది. ఫ్లోరైడు తక్కువుంటే నీళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, పెరిగేకొద్దీ పసుపుకి తిరుగుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

డ్రాయింగు పీరియడు ఇక్కడ మొదలవుతుంది. గులాబీ నుంచి పసుపు దాకా ఆ ఛాయలన్నీ పిల్లలే కలుపుకోవాలి. పక్కన సీసా పెట్టుకుని, సరిపోయేదాకా. ఎరుపు ఒక్క బొట్టు ఎక్కువైతే హనుమంతుడి గుడి దగ్గరి బోరుకు లేని సుగుణం వచ్చేస్తుంది, కాబట్టి మళ్ళీ కలపాలి. ఆ రంగులే పటం మీద చుక్కలుగా పెడతారు. ఏ రంగు ఎందుకు వేశావని అడిగితే ప్రతి పిల్లా జవాబు చెప్పగలదు. చదువు రాని అవ్వ కూడా ఆ పటం చూసి తన బోరును పట్టుకుంటుంది.

తరవాత బుర్రకథ. ఇంతకంటే అనువైన కళ నాకు కనిపించలేదు. మధ్యలో కథకుడు, ఒకవైపు హాస్యం వంత, ఇంకోవైపు రాజకీయం వంత. కొలిచిన లెక్క కథకుడు చెబుతాడు. "మా బోరు నీళ్ళకు పసుపు అంటే ఎందుకంత ప్రేమ?" అని హాస్యం వంత అడుగుతుంది. ట్యాంకు ఎప్పుడు కడిగారని రాజకీయం వంత నిలదీస్తుంది. షేక్ నాజర్ బెంగాలు కరువును బుర్రకథ చేసి తెలుగు ఊళ్ళలో చెప్పారు. ఎక్కడి ఆకలినో మన ఊరి అరుగు మీదికి తెచ్చిన ఆ పనిని మించిన ప్రపంచ పౌరసత్వ పాఠం నాకు తెలీదు.

ఒక హెచ్చరిక. ఫ్లోరోసిస్‌తో వంకరపోయిన కాళ్ళను అనుకరించి చప్పట్లు కొట్టించుకోనివ్వకండి, ఆ మనిషి ప్రేక్షకుల్లోనే ఉంటాడు. అలాగే పెద్దల తప్పుకు పిల్లల చేత ప్రమాణాలు చేయించకండి. కుళాయి కట్టేయడం మంచి అలవాటే, కానీ భూగర్భ జలాన్ని తోడేసింది ఏడో తరగతి కాదు.

సిలబస్ మాటేమిటంటారు, తెలుసు. విద్యావేత్త గిజుభాయి రాసిన 1930ల నాటి పుస్తకం 'దివాస్వప్న'లో కథలు చెప్పుకుంటూ కూర్చున్న లక్ష్మీరామ్ మాస్టారిని చూసి తోటి ఉపాధ్యాయులు నవ్వారు. మన పనిలో సిలబస్ బయటిదేమీ లేదు: పటం సాంఘికశాస్త్రం, సీసా సామాన్యశాస్త్రం, సగటు లెక్కలు, కథ తెలుగు. ఇంకేం కావాలి?

ఇక జవాబు చెప్పాల్సిన మనిషి. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ఈ 17 లక్ష్యాలను ఊళ్ళ కోసం 9 ఇతివృత్తాలుగా కూర్చింది. వాటిలో నీటి సమృద్ధి ఒకటి, పిల్లలకు అనువైన ఊరు ఇంకొకటి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వాటి ప్రకారమే తయారవ్వాలి. పిల్లల మాట వినడానికి బాలసభ అన్న ఏర్పాటు కూడా ఉంది. చాలా ఊళ్ళలో దాని పేరే విని ఉండరు.

కాబట్టి టీచర్లకు నా విన్నపం. వచ్చే అక్టోబరు 2 గ్రామసభ లోపు బాలసభ ఒకటి జరిపించండి. పటం, బుర్రకథ రెండూ సర్పంచి ముందు పెట్టండి. పిల్లలు తేల్చిన సంగతిని తీర్మానాల పుస్తకంలో రాయమని కార్యదర్శిని అడగండి. రాయనంటే, ఎందుకు రాయరో తరగతికి వచ్చి పిల్లలకే చెప్పమనండి.