ఆర్కిటిక్ తీరానికి కంకర దారి



కారులో ఆర్కిటిక్ మహాసముద్రం దాకా వెళ్లాలన్నది ఎందరో ఏళ్ల తరబడి దాచుకునే కల. కెనడాలో ఆ కలకు దారి డెంప్‌స్టర్ హైవే. యూకాన్‌లో డాసన్ సిటీకి సమీపాన మొదలై ఇనువిక్ పట్టణం వరకు దాదాపు 740 కిలోమీటర్లు సాగే ఈ రోడ్డును 1979లో ప్రారంభించారు. అక్కడి నుంచి సముద్రతీరాన ఉన్న టుక్టోయాక్టుక్‌కు 2017లో మరో రోడ్డు తెరిచారు.

ఇది చాలావరకు కంకర రోడ్డు. కింది నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. ఆ మంచు కరిగితే రోడ్డు కుంగిపోతుంది. అందుకే మందంగా కంకర కట్ట పోసి, దానిమీద దారి వేశారు. పీల్, మెకంజీ నదుల మీద వంతెనలు లేవు. వేసవిలో పంటు ఎక్కి దాటాలి, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండి నడపాలి. నది గడ్డకట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో దాటే వీలే ఉండదు.

బయల్దేరాక మొదట పెట్రోలు దొరికేది 369వ కిలోమీటరు దగ్గర, ఈగల్ ప్లెయిన్స్‌లో. చాలా దూరం సెల్ సిగ్నల్ అందదు. అదనపు టైర్లు, తిండి, వెచ్చని దుస్తులు తప్పనిసరి.

ఇది గ్విచిన్, ఇనువియాలుయిట్ ప్రజలు తరతరాలుగా బతుకుతున్న నేల. అక్కడికి వెళ్లేవారు అతిథుల్లా మసలుకోండి, చెత్త వదిలి రాకండి.