ఇంటిలో గడ్డపు తొండ



మన పెరటి కంచెమీద తలయూచుచు కూర్చుండు తొండను ఎరుగనివారు లేరు. దాని దాయాది యొకటి ఆస్ట్రేలియా ఖండపు నడిభాగమున, ఎండు మొద్దులపై ఎండ కాగుచు బ్రతుకుచున్నది. ఇంగ్లీషున దానిని బియర్డెడ్ డ్రాగన్ అందురు. కోపము వచ్చినపుడు గొంతు క్రింది ముండ్ల చర్మమును ఉబ్బించి నల్లబరచును. అది గడ్డమువలె కానవచ్చుటచే ఆ పేరు వచ్చినది. మేము గడ్డపు తొండ యనియే పిలిచెదము. మూరెడు పైచిలుకు పొడవు, సాధుస్వభావము, పదియేండ్ల ఆయువు గల ఈ జంతువును ఆస్ట్రేలియా, ఐరోపా, అమెరికాలలో పిల్లలు ముచ్చటపడి పెంచుదురు. ముచ్చట సులభమే గాని, పెంపకము అంత సులభము కాదు.

కుక్క తిన్న అన్నమునుండి తన వెచ్చదనమును తానే పుట్టించుకొనును. గడ్డపు తొండ కాశక్తి లేదు. వేడి చాలనిచో తిన్నది అరుగదు. కావున నాలుగడుగులకు తక్కువ గాని గాజుపెట్టెలో నొక కొనను దీపము క్రింద 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియు, రెండవ కొనను 25 మొదలు 28 డిగ్రీల చల్లదనమును ఉంచవలెను. ఎచ్చట ఎంతసేపు కూర్చుండవలెనో అదియే తెలిసికొనును.

వేడిమి యుండినంతనే ఎండ యున్నదని భావింపరాదు. మంచివారి ఇండ్లలోనే ఈ జంతువులు చెడిపోవుటకు కారణమిదియే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకినగాని డి3 విటమిను చాలినంత తయారు కాదు. అది లేనిచో తినిన కాల్షియము ఎముకలకు పట్టదు. అపుడు దేహము రక్తమునకు వలసిన కాల్షియమును ఎముకలనుండియే లాగుకొనును. దవడ మెత్తబడును, కాళ్లు వంకరపోవును, వ్రేళ్లు వణకును. గిన్నెనిండ మేత యుండగనే ఇదంతయు జరుగును. కిటికీకడ నుంచితిమి గదా యని కొందరందురు. కిటికీ అద్దము ఆ కిరణములను దాదాపు పూర్తిగ ఆపివేయును. పైగా ఎండ తగిలిన గాజుపెట్టె పొయ్యివలె కాగును. కావున ఆ కిరణముల నిచ్చు ప్రత్యేకమైన గొట్టపు దీపము పెట్టి తీరవలెను. అది వెలుగుచునే యుండును గాని, నెలలు గడచినకొలది కిరణశక్తి సన్నగిల్లును. దీపము మాడిపోవువరకు ఆగక, తయారించినవారు చెప్పిన గడువునకే మార్చవలెను.

మేత విషయము సంగ్రహముగ చెప్పెదము. పిల్లలకు కీచురాళ్లవంటి పురుగులు హెచ్చు, పెద్దవానికి ఆకుకూరలు హెచ్చు. పురుగు దాని రెండు కన్నుల నడిమి వెడల్పును మించరాదు. పురుగులపై కాల్షియపు పొడి చల్లవలెను. పాలకూర తరచుగా పెట్టరాదు. అందలి ఆమ్లము కాల్షియమును బంధించును. మిణుగురు పురుగు ఒక్కటి మ్రింగినను ప్రాణాపాయమే. రెండు మగవానిని ఒక పెట్టెలో నుంచినచో పోట్లాడును. ఒంటరిగ నుండుట దానికి బాధ కాదు. ముట్టుకొనిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, ఏలయన సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి దాని ఒంటిపై నుండవచ్చును. అయిదేండ్లలోపు బిడ్డలున్న ఇంట దీనిని పెంచకుండుటయే మేలని మా అభిప్రాయము.

ఆస్ట్రేలియాలోనైనను అడవినుండి పట్టి తెచ్చుటకు వీలులేదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున దీనిని పెంచుటకు అనుమతిపత్రము కావలెను.

జూన్, జూలై నెలలు అచట చలికాలము. పెద్ద తొండలు కొన్ని మేత మాని వారములతరబడి నిద్రించును. మెల్‌బోర్న్‌లోనున్న మనుమరాలు "తొండ లేచుట లేదు, తాతయ్యా" అని ఫోనులో కంటనీరు పెట్టుకొనినచో, వారమున కొకసారి దానిని తూచుమని చెప్పుడు. బరువు నిలుకడగ నున్నచో అది సహజమైన నిద్రయే కావచ్చును. తగ్గుచుండినచో మాత్రము, సరీసృపముల నెరిగిన పశువైద్యుని యొద్దకు అదే దినమున తీసికొనిపోవలెను.