మన క్యాసెట్టుకు తాళం ఎవరు వేశారు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలే ఇచ్చారు. నా మాట అయ్యాక ఈ తెర మీద మన పాత హెడ్మాస్టరు గారి రిటైర్మెంటు సభ వేస్తారు. సారు మన మధ్య లేక చాలా ఏళ్ళయింది. ఆయన గొంతు ఇన్నేళ్ళ తర్వాత మీకు ఎట్లా వినబడబోతోందో చెప్పడానికే నేను మైకు దగ్గరికి వచ్చాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని ముందే చెప్పేస్తే బరువు తగ్గుతుంది.

తొంభైల మొదట్లో జరిగిన ఆ సభను, ఎమ్మిగనూరులో పెళ్ళిళ్ళు తీసే వీడియో ఆయనను పిలిపించి తీయించాం. రెండు క్యాసెట్లు వచ్చాయి. ఒకటి సారుకు ఇచ్చాం. రెండోది మా బ్యాచ్‌ది. ఆదోనిలో మా ఇంట్లో వీసీఆర్ ఉంది కాబట్టి నా దగ్గర పెట్టారు. 1996లో వరల్డ్ కప్ వచ్చింది. బెంగళూరులో పాకిస్తాన్‌తో క్వార్టర్ ఫైనల్. నేను సెలవు మీద ఇంట్లో ఉన్నాను. రికార్డు చేద్దామని చేతికి దొరికిన క్యాసెట్టు పెట్టేశాను, లేబులు చూడలేదు. ఈరోజుకీ ఆ క్యాసెట్టు వేస్తే సారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా, వాక్యం మధ్యలో అజయ్ జడేజా వకార్ యూనిస్‌ను బాదడం మొదలుపెడతాడు. ఆ మ్యాచ్ గెలిచినందుకు దేశమంతా సంబరపడింది. నేను మాత్రం ఆ ఓవర్లు మళ్ళీ చూడలేను.

వీహెచ్‌ఎస్ క్యాసెట్టు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, గుర్తుందా? దాన్ని విరిచేస్తే మళ్ళీ దాని మీద రికార్డు కాదు. పెళ్ళి క్యాసెట్లకు అందరూ విరిచేవాళ్ళు. మన బడి క్యాసెట్టుకు ఎవరూ విరవలేదు. ఇంజనీరింగు చదివిన నేను కూడా.

ఇక మిగిలింది సారు ఇంట్లోది. ఎమ్మిగనూరు వెళ్ళి సారు కూతుర్ని అడిగాను. అక్క ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చింది. చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా బూజు. మన ఎండలకు బూజేమిటని అనుకోకండి. ఆ పెట్టె జలకాల గది గోడకు ఆనించి ఉంది. గోడ చెమ్మ చాలు దానికి.

ముందు నేను ఒక సిటీలో, ఇట్లాంటివి కంప్యూటరులోకి ఎక్కించే షాపులో ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత తిరిగి ఇచ్చేశారు. "సార్, ఇది కాపీ ప్రొటెక్టెడ్. కంపెనీ క్యాసెట్టు. మేము చేయం" అన్నారు. ఎమ్మిగనూరు వీడియో ఆయన మన బడి ఆవరణలో తీసిన దానికి ఏ కంపెనీ తాళం వేస్తుంది? బూజు పట్టిన టేపును అట్లాగే మిషన్లో తిప్పినట్టున్నారు, ఒక చోట నలిగి కూడా ఉంది. కోపం దిగమింగుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

క్యాసెట్టుకు ఐదు స్క్రూలు. విప్పి, ముఖానికి మాస్కు కట్టుకుని, స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తటి గుడ్డ మీదుగా టేపును మెల్లగా లాగాను. మూడు గంటల క్యాసెట్టులో సుమారు 250 మీటర్ల టేపు ఉంటుంది. మూడు ఆదివారాలు పట్టింది. తర్వాత కొత్త డొక్కులో బిగించి, వీసీఆర్ నుంచి క్యాప్చర్ కార్డుకు, అక్కడి నుంచి కంప్యూటరుకు వైర్లు కలిపాను. ఏడు నిమిషాలు బాగానే నడిచింది. ఎనిమిదో నిమిషంలో తెర నీలం అయిపోయి, షాపు వాళ్ళ మాటే వచ్చింది: కాపీ ప్రొటెక్టెడ్.

ఈ తాళం కథ కొంచెం చెప్పాలి. మన టీవీ బొమ్మకు 625 గీతలు. అందులో 576 మాత్రమే తెర మీద కనబడతాయి. మిగతావి బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీలో ఉంటాయి. మాక్రోవిజన్ అనే అమెరికా కంపెనీ ఈ ఖాళీలో దొంగ మెరుపులు పెట్టింది. మీరు మైకు సెట్టు వాళ్ళను చూసి ఉంటారు. ఎవరైనా కీచుమని అరిస్తే వాల్యూము తగ్గిస్తారు, తర్వాత మాట్లాడేవాడి మాట ఎవరికీ వినబడదు. రికార్డు చేసే వీసీఆర్‌లోనూ అట్లాంటి సర్దుబాటు ఒకటి ఉంది. ఆ మెరుపులు చూసి, బొమ్మ మరీ వెలుగుగా ఉందనుకుని తగ్గించేస్తుంది. కాపీ బొమ్మ చీకటవుతుంది, వెలుగుతుంది, మళ్ళీ చీకటవుతుంది. మామూలుగా టీవీలో చూసేవాడికి మాత్రం ఏమీ తెలియదు. 1985లో ఈ తాళంతో వచ్చిన మొదటి సినిమా పేరు 'ది కాటన్ క్లబ్'. దూది మార్కెట్టు ఊరివాణ్ణి, ఆ పేరు నేనెట్లా మరిచిపోతాను!

తర్వాత వచ్చిన క్యాప్చర్ కార్డులు ఆ మెరుపులు కనబడగానే ఆగిపోయేటట్టు తయారయ్యాయి. అయితే మన క్యాసెట్టులో అవి లేవు కదా? రెండు రాత్రులు కూర్చుని గమనించాను. బొమ్మ పైభాగం వంకర తిరిగి చిరిగినట్టు కనబడే చోట్లనే కార్డు ఆగుతోంది. బాగున్న చోట ఆగడం లేదు. అప్పుడు అర్థమైంది.

నేతపని చూసిన ఎమ్మిగనూరు వాళ్ళకు ఇది సులభంగా తెలుస్తుంది. ఒక్కొక్క గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గుర్తు టేపు మీద ఉంటుంది. నాడె విసిరినప్పుడల్లా పేక అంచు దాకా సరిగ్గా వస్తేనే గుడ్డ తిన్నగా ఉంటుంది. టేపు సాగి, పూత పలచబడితే ఆ గుర్తులు ముందూ వెనకా అవుతాయి. అంచు వంకర పోతుంది. ఖాళీ గీతల్లో పుట్టిన ఆ గందరగోళాన్ని కార్డు దొంగ మెరుపులనుకుంది. అంటే ముసలితనాన్ని చూసి దొంగతనం అనుకుంది! తాళం ఉండవలసిన చోట మనం వేయలేదు, లేని చోట ఉందని కంప్యూటరు అంటోంది.

దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్ అనే పెట్టె. వీసీఆర్‌కూ కార్డుకూ మధ్య పెడితే, వంకర గుర్తులు తీసేసి కొత్తవి సరైన చోట వేసి పంపుతుంది. హైదరాబాదులో పాత ఎడిటింగ్ స్టూడియోలో పనిచేసిన మిత్రుడు ఒకటి అరువిచ్చాడు. అది పెట్టాక కార్డు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈ పెట్టె నిజమైన తాళాన్ని కూడా పోగొడుతుంది, దాచను. సంగతి తెలిసి మా బ్యాచ్ వాడొకడు సంచీ నిండా సినిమా క్యాసెట్లు తెచ్చాడు, కాపీలు తీసి అందరికీ పంచుదామని. చేయనన్నాను. నేను వకీలును కాను గానీ, 2012లో మన కాపీరైటు చట్టంలో చేర్చిన 65ఎ సెక్షను, హక్కుకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇట్లాంటి తాళం విప్పితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా అంటుంది. చట్టం మాట అట్లా ఉంచితే, ఆ సినిమాలు ఇంకెక్కడైనా దొరుకుతాయి. సారు గొంతు మటుకు ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉంది. నాకు మిగిలిన ఆదివారాలు లెక్కే కదా.

మీ ఇళ్ళల్లో కూడా ఉంటాయి. బడి వార్షికోత్సవాలు, పెళ్ళిళ్ళు, అమ్మానాన్నలు నడుస్తూ మాట్లాడుతూ ఉన్నవి. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం, కర్నూలు వైపు ఎన్ని బురదపాలయ్యాయో. మిగిలినవి అటకల మీద వేడికి ఎండుతున్నాయి. వీసీఆర్లు తయారు చేస్తూ వచ్చిన ఆఖరి పెద్ద కంపెనీ, జపాను ఫునాయ్, 2016 జులైలో మానేసింది. ఉన్న మిషన్లే ఆధారం. తెల్లటి పొడి కనబడితే దయచేసి మిషన్లో పెట్టకండి, హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ బూజు అంటుకుంటుంది. బాగున్నదైతే ముందు చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు వేయండి. ఆ ప్లాస్టిక్ బిళ్ళ ఈరోజే విరిచేయండి. మూడు గంటల టేపు ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది, అడ్డదారి లేదు. భోజనాల దగ్గర ఒక బల్ల వేశాం, క్యాసెట్టు మీద పేరు రాసి ఇవ్వండి.

ఇప్పుడు మీరు చూడబోయేది రెండు క్యాసెట్లూ కలిపి అతికించినది. నేను చెరిపిన భాగం చాలావరకు సారు ఇంటి క్యాసెట్టులో దొరికింది. ఒక రెండు నిమిషాలు మాత్రం రెండింటిలోనూ లేదు. అక్కడ పూత రాలిపోయింది. సారు బడిలో పనిచేసినవాళ్ళను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి మాట్లాడుతున్నారు. ఆయాను పిలిచారు, అది ఉంది. తర్వాత బెల్లు కొట్టే తాతను పిలిచారు, తాత మెట్లు ఎక్కుతున్నాడు, అక్కడ పోయింది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి తాత కళ్ళు తుడుచుకుంటూ దిగుతున్నాడు, సభంతా చప్పట్లు.

తాత మనవడు ఈరోజు మన మధ్య ఉన్నాడు, కుడివైపు మూడో వరుసలో. మా తాత గురించి సారు ఏమన్నారన్నా అని నన్ను అడిగాడు. నేను ఆ సభలో ఉన్నాను, కానీ నాకు గుర్తు లేదు. మీలో ఆరోజు ఉన్నవాళ్ళు, ఆ మాటలు గుర్తున్నవాళ్ళు, భోజనాలప్పుడు ఆ అబ్బాయి దగ్గర కూర్చోండి.

లైట్లు ఆర్పండి, మొదలుపెడదాం.