‘అర్హులు లేరు’ అనే మాట మనకు కొత్త కాదు

 

అమెరికా వీసాల గురించి ఆదివాసీ విద్యార్థుల ముందు మాట్లాడటమేంటని కొందరు అడిగారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లకు హెచ్-1బి గొడవ ఎందుకని. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది: అక్కడ నడుస్తున్న వాదన మన మీద ఎప్పుడో నడిచింది. ‘పని ఉంది, చేయగలిగినవాళ్లే మీలో లేరు’ అనే వాదన. అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది.

హెచ్-1బి వీసా 1990 చట్టంతో వచ్చింది. ప్రత్యేక చదువు కావాల్సిన ఉద్యోగాలకు బయటి దేశాల వాళ్లను మూడేళ్లకు తెచ్చుకోవచ్చు, ఆరేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20 వేలు. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. ఆమోదం పొందేవాళ్లలో 70 శాతానికి పైగా భారతీయులు. వాళ్లలో మన తెలుగువాళ్లు బోలెడుమంది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెడితే హైదరాబాద్‌లో, విజయవాడలో ఇళ్లకు ఇళ్లే ఉలిక్కిపడింది అందుకే.

కంపెనీలు ఏమంటాయి? మాకు కావాల్సిన నైపుణ్యం ఇక్కడ దొరకడం లేదు అంటాయి. కొన్ని రంగాల్లో అది నిజం కూడా. కానీ చట్టం చూడండి. చాలా కంపెనీలు ఈ వీసా అడిగే ముందు స్థానికుల కోసం వెతికామని నిరూపించాల్సిన పనే లేదు. ఎక్కువగా హెచ్-1బి వాళ్ల మీదే నడిచే కంపెనీలకు ఆ షరతు ఉంది. అదీ ఆ ఉద్యోగికి ఏడాదికి 60 వేల డాలర్లు ఇస్తే పోతుంది. ఆ 60 వేల అంకె 1998లో పెట్టింది. అప్పటి నుంచి పెంచలేదు. కొరత నిజంగా ఉంటే జీతం పెరగాలి కదా? కూలీలు దొరక్కపోతే రైతు కూలి పెంచుతాడు. ఇక్కడ మాత్రం కొరత పేరు చెప్పి తక్కువ జీతానికి మనిషిని తెచ్చుకునే సందు ఉంది.

2015 నాటికి ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగులను తీసేసింది. తమ స్థానంలో వచ్చినవాళ్లకు తామే పని నేర్పాల్సి వచ్చిందని వాళ్లలో కొందరు బయటికొచ్చి చెప్పారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఎవరి మీదికి మళ్లింది? 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును ‘మా దేశం వదిలిపో’ అని అరిచి కాల్చి చంపారు. చనిపోయింది జీతాలు నిర్ణయించినవాడు కాదు, జీతం తీసుకునేవాడు. ఆ వీసా మీద ఉన్నవాడి బతుకు కూడా కంపెనీ చేతిలోనే. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే దేశం విడవాలి. అట్లాంటి మనిషి జీతం పెంచమని గట్టిగా అడుగుతాడా? కంపెనీకి కావాల్సింది ఆ భయమే.

ఈ కథలో అమెరికా ఆదివాసులు ఎక్కడున్నారు? న్యూమెక్సికోలో షిప్‌రాక్ అనే ఊరు ఉంది, నవాహో ప్రజల నేల. 1965లో ఫెయిర్‌చైల్డ్ అనే చిప్‌ల కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. వందలాది మంది నవాహో వాళ్లకు, ఎక్కువగా ఆడవాళ్లకు, పని ఇచ్చింది. వాళ్లు నేసే తివాచీలను, చిప్ మీది గీతలను పక్కపక్కన పెట్టి కంపెనీ ప్రచారం చేసుకుంది. నేత చేతులు కదా, ఈ పనికి పుట్టినవాళ్లు అన్నట్టు. చేతులను పొగిడారు, జీతం మాత్రం తక్కువే. 1975లో సుమారు 140 మందిని తీసేస్తే, అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్లు ఫ్యాక్టరీని ఎనిమిది రోజులు ఆక్రమించారు. ఆ తర్వాత కంపెనీ మూటాముల్లె సర్దుకుని పోయింది. అంటే టెక్నాలజీ పనికి ఆదివాసులు పనికిరారని కాదు. చౌకగా ఉన్నంతకాలం పనికొచ్చారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఏజెన్సీ బడుల్లో బయటి టీచర్లు సరిగా రావడం లేదనే, 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, నూరు శాతం కుదరదని. అప్పుడు మెరిట్ గురించి ఎంత చర్చ జరిగింది! కోయ, గోండి, కువి మాట్లాడే పిల్లకు ఆ భాషలో లెక్కలు చెప్పగలగడం నైపుణ్యం కాదా? ఆ నైపుణ్యం కొరత గురించి ఏ టీవీలోనైనా చర్చ విన్నారా?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల అక్షరాస్యత 49 శాతం, మొత్తం జనానిది 67 శాతం. ఈ తేడా చదువు అందనివ్వకపోవడం వల్ల వచ్చింది. ముందు చదువు ఇవ్వరు, తర్వాత అర్హులు లేరంటారు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరైనా ‘కొరత’ అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఎంత జీతానికి కొరత? ఎవరికి నేర్పకపోతే వచ్చిన కొరత? అది తీర్చడానికి ఎవరు డబ్బు పెడుతున్నారు?

మూడో ప్రశ్నకు అమెరికాలోనే ఒక జవాబు ఉంది. హెచ్-1బి దరఖాస్తుకు పెద్ద కంపెనీ కట్టే 1,500 డాలర్ల ఫీజులో ఎక్కువ భాగం అక్కడి వాళ్ల శిక్షణకు, స్కాలర్‌షిప్‌లకు పోతుంది. అది చాలదని వాదించొచ్చు. కానీ సూత్రం సరైనది: కొరత అని చెప్పినవాడే దాన్ని తీర్చే ఖర్చు భరించాలి. మన దగ్గర ఐటీ కంపెనీలు ప్రభుత్వ భూమి, రాయితీలు తీసుకుంటాయి. అక్కడ రిజర్వేషన్ లేదు. ఏజెన్సీ పిల్లలకు శిక్షణ ఇవ్వాలని అడిగే చట్టం ఎందుకు ఉండకూడదు?

మనం అడగాల్సినవి ఇవి. ప్రతి ఆశ్రమ పాఠశాలకు లెక్కలు, సైన్స్ టీచర్లు. నడిచే కంప్యూటర్లు. జీవో 3 పోయిన చోట కోర్టులో నిలబడే స్థానిక చట్టం. రాయితీ తీసుకునే ప్రతి కంపెనీ నుంచి శిక్షణ వాటా.

మీలో ఎవరైనా రేపు డాలస్ వెళ్తే సంతోషమే, వెళ్లండి. వెళ్లినవాళ్లను తిట్టొద్దు, వెళ్లలేనివాళ్లను తక్కువ చేయొద్దు. ‘మీలో అర్హులు లేరు’ అన్నవాడిని మాత్రం లెక్క చూపించమని అడగండి. అడగడం మానొద్దు.